మన్ననూర్ గేటు నుంచి దోమలపెంట దాకా: అడవి రూల్స్‌కి ఒక డ్రైవర్ వేసిన మార్కులు

శ్రీశైలం దారి గురించి ఆన్‌లైన్‌లో రివ్యూలు బోలెడు. ఘాట్ రోడ్డు బాగుంది, కోతులు ఎక్కువ, పాతాళగంగ దగ్గర పార్కింగ్ కష్టం, ఫలానా చోట దోశ చల్లారిపోయి ఇచ్చారు. అన్నీ నిజాలే. కానీ మధ్యలో పెద్దపులులు తిరిగే అడవి ఒకటి ఉంది. అందులోంచి పోయేవాళ్లకి కొన్ని రూల్స్ ఉన్నాయి. వాటి మీద ఎవరూ నాలుగు ముక్కలు రాసినట్టు కనిపించలేదు. రాసినా ఒకటే లైను: "రాత్రి గేటు మూస్తారు, చూసుకోండి."

నాది కల్వకుర్తి. సొంత బండి, ఏడు సీట్లది. నాకొచ్చే కిరాయిల్లో సగానికి పైగా శ్రీశైలమే. మిగతావి మల్లెలతీర్థం జలపాతం, ఫర్హాబాద్ సఫారీ, ఉమామహేశ్వరం గుడి. కాబట్టి ఈ రూల్స్‌తో కాపురం చేస్తున్నవాణ్ణి నేను. ఎక్కే ప్యాసింజర్లు మారుతుంటారు, గేటు దగ్గర వాళ్ల తరఫున మాట్లాడేది మాత్రం నేనే. హోటల్‌కి మార్కులు వేసినట్టే వీటికీ వేస్తాను.

ముందు కొత్తవాళ్లకి కాస్త నేపథ్యం. నల్లమలలో ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో పులుల్ని కాపాడే కేంద్ర పథకం ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. రాష్ట్రం విడిపోయాక కృష్ణకి ఇవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అవతలి భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ పేరుతోనే ఆంధ్రకి ఉంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే 765వ నంబరు జాతీయ రహదారి మన్ననూర్ దగ్గర అడవిలో దూరి దోమలపెంట దాకా, 50 కిలోమీటర్లకు పైనే, చెట్ల మధ్యలోంచే పోతుంది. సఫారీ టికెట్ కొనకపోయినా, స్వామి దర్శనానికే పోతున్నా, ఆ గంటన్నర సేపు మీరు పులుల రిజర్వ్‌కి వచ్చిన సందర్శకులే. ఈ సంగతి బండిలో కూర్చున్నవాళ్లకి చెబితే సగం మంది కిటికీలోంచి బయటికి చూస్తారు, సగం మంది కిటికీ మూస్తారు.

గేటుతో మొదలుపెడతాను, గొడవంతా అక్కడే కాబట్టి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర మామూలు బండ్లని అడవిలోకి వదలరు. అటువైపు నుంచి వచ్చేవాళ్లకి దోమలపెంటలో ఇదే రూలు. దోర్నాల వైపు నుంచి శ్రీశైలం పోయే ఆంధ్ర దారిలోనూ రాత్రి ఆంక్షలు ఉన్నాయి. మనకొక్కరికే పెట్టిన శిక్షేం కాదు. కర్ణాటకలో బందీపూర్ పులుల అడవి మీదుగా పోయే జాతీయ రహదారిని 2009 నుంచి ఇవే వేళల్లో మూస్తున్నారు. అక్కడ దాని మీద కోర్టు కేసులు, ధర్నాలు ఎన్నో అయ్యాయి, రూలు నిలబడింది.

ఒకసారి హైదరాబాద్ కుటుంబం ఒకటి ఎక్కింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. పొద్దున బయలుదేరదాం సార్ అని నేను అంటూనే ఉన్నాను. ఆయన ఫోన్‌లో ఒక ట్రావెల్ సైట్ తీసి చూపించాడు, గేటు 10 దాకా తెరిచే ఉంటుందని అందులో రాసి ఉంది. ఆ సైట్‌లో రాసినవాడు ఈ దారిలో ఎప్పుడూ వచ్చి ఉండడు. అయినా స్క్రీన్ మీద కనిపించిన అక్షరానికి ఉన్న విలువ డ్రైవర్ నోటిమాటకి ఎక్కడిది? డిండి కట్ట మీద ఫొటోలయ్యాయి, చాయ్‌లయ్యాయి. మన్ననూర్ చేరేసరికి 9 దాటి పది నిమిషాలు. గేటు పడింది.

సార్ దిగి గేటు దగ్గరున్న కుర్రాడితో మాట్లాడాడు. మొదట మర్యాదగా, తర్వాత ఇంగ్లీషులో, ఆ తర్వాత పర్సు తీసి. ఆ కుర్రాడు పర్సు వంక చూడలేదు. "ఆరింటికి తీస్తం సార్, ముందు మీ బండే పోతది" అన్నాడు. ఈలోపు వెనక సీట్లోంచి పెద్దావిడ గొంతు: "శివయ్య దగ్గరికి పోతా గేటుకాడ లంచమిస్తావురా?" సార్ పర్సు లోపల పెట్టేశాడు. ఆ రాత్రి మన్ననూర్‌లోనే గది చూసుకుని పడుకున్నారు. పొద్దున ఆరింటికి నిజంగానే మా బండే ముందు పోయింది. అప్పుడే రోడ్డు పక్కన చుక్కల దుప్పుల మంద ఒకటి కనిపించింది. పిల్లలు కేకలు వేయకుండా నోళ్లు మూసుకుని చూశారు. దర్శనం కంటే అదే ఎక్కువ గుర్తుంది వాళ్లకి, ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు అదే అడుగుతారు.

రాత్రి ఎందుకు మూస్తారో ప్యాసింజర్లకి నేను చెప్పే పద్ధతి ఇదీ. చిరుతలు, కణితులు, ఎలుగుబంట్లు, అడవిపందులు ఎక్కువగా తిరిగేది చీకటి పడ్డాకనే. చీకటికి అలవాటుపడ్డ కళ్ల మీద హెడ్‌లైటు పడితే జంతువు పక్కకి దూకదు, అక్కడే కొయ్యబారి నిలబడుతుంది. పగలంతా ఎండకి కాగిన తారు రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది కాబట్టి పాములు దాని మీదికొచ్చి పడుకుంటాయి. ఇవన్నీ జంతువుల వైపు కారణాలు. మనవైపూ ఒకటుంది. ఆ దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. రాత్రి పదకొండింటికి అడవి మధ్యలో ఉన్న వటవర్లపల్లి ఊరికి అటూ ఇటూ ఎక్కడో బండి ఆగిపోయిందనుకోండి, మెకానిక్‌ని పిలవడానికి ఫోన్ పనిచేయదు, దిగి నడవడానికి ధైర్యం చాలదు. పగలైతే పది నిమిషాలకి ఏదో ఒక బండి ఆగి ఏమైందని అడుగుతుంది. నిజంగా గుండెనొప్పో, కాన్పో అయితే అంబులెన్స్‌ని ఎవరూ ఆపరు, దాని గురించి భయం అక్కర్లేదు.

ఇంకో లెక్క కూడా ఉంది, చాలామంది గమనించరు. గేటు పడేది తొమ్మిదికే అయినా, ఐదు నిమిషాల ముందు లోపలికి పోయిన బండి అవతలి చివర తేలేసరికి పదిన్నర కావస్తుంది. అంటే అడవికి మనం నిజంగా వదిలిపెడుతున్నది ఏడున్నర గంటలే. దాంట్లోనూ బేరాలాడతాం. ఈ రూలుకి పదికి పది.

వేగం సంగతికొస్తే అన్ని మార్కులు వేయలేను. రూలులో తప్పు లేదు, దాని తీరే అంత. గేటు పడితే బండి ఆగుతుంది. "నెమ్మదిగా వెళ్లండి, వన్యప్రాణులు దాటే చోటు" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా యాక్సిలేటర్ మీద కాలు ఉన్నవాడు తీస్తేనే తీసినట్టు. మలుపు తిరగ్గానే దుప్పి కనిపిస్తే 40లో ఉన్న బండి బ్రేకుకి ఆగుతుంది. 80లో ఉన్న బండికి బ్రేకు పడ్డాక ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. రెండింతలు అనుకుంటారు అందరూ. పైగా దుప్పులు ఒంటరిగా దాటవు. ఒకటి దాటిందని గేరు మార్చి కదిలామంటే రెండోది బానెట్ ముందు ఉంటుంది. అందుకే ఒకటి కనిపించగానే ఆపి, లోపల ఇరవై అంకెలు లెక్కపెడతాను. వెనకనుంచి హారన్ కొట్టేవాళ్లు కొడుతూనే ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది నాలాంటి డ్రైవర్లే, ఆ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

కోతులకి తిండి పెట్టొద్దన్న రూలు దగ్గర మాత్రం నాకూ ప్యాసింజర్లకీ రోజూ పంచాయితీయే. ఆంజనేయస్వామి అంటారు, పుణ్యం అంటారు, పాపం ఆకలి అంటారు. అడవిలో ఉన్న కోతికి ఆకలైతే చెట్టెక్కుతుంది. అరటిపళ్లు విసిరే కార్లు అలవాటైన కోతి రోడ్డు మీదికొచ్చి కూర్చుంటుంది, పిల్లని పొట్టకి కరుచుకుని. తర్వాత వచ్చే లారీ అరటిపండు వేయడానికి ఆగదు. ఇంతే నేను చెప్పేది. వినని వాళ్లు ఉంటే అద్దాలు పైకెత్తి లాక్ వేస్తాను. నా బండి, నా స్విచ్చు. ఒకసారి ఒక పెద్దమనిషి దీనికే కిరాయిలో వంద రూపాయలు తగ్గించి ఇచ్చాడు. తీసుకున్నాను.

ప్లాస్టిక్ రూలు కొత్తది. 2024 నుంచి రిజర్వ్‌లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని నిషేధించారు. మొదట్లో నాకూ విసుగే. ఎండాకాలంలో ఏడుగురు కూర్చున్న బండిలో నీళ్ల సీసాలు వద్దంటే ఎలా అని. ఇప్పుడు వెనక డిక్కీలో ఇరవై లీటర్ల కుళాయి క్యాన్ ఒకటి, స్టీలు గ్లాసులు ఆరేడు పడేసి ఉంచుతున్నా. ఖర్చు తగ్గింది. బండిలో చెత్త కూడా తగ్గింది, ఇంతకుముందు ప్రతి ట్రిప్పు తర్వాత సీట్ల కింద ఒక సంచీడు సీసాలు తీసేవాణ్ణి. ఉప్పు అంటిన చిప్స్ ప్యాకెట్‌ని జింక నాకుతుంది, నాకుతూ మింగుతుంది. అది అరగదు, బయటికీ పోదు. పొట్టలో ఉండలు కట్టి మేత ఆగిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. దాని 27వ సెక్షన్‌లోనే అభయారణ్యంలో జంతువుల్ని ఆటపట్టించడం, చెత్త వేయడం కూడదని ఉంది. అంటే కొత్తదనుకున్న రూలు వెనక ఎప్పటినుంచో ఉన్న చట్టం ఉంది. 2022 సవరణలో ఆ చట్టం కింద మామూలు ఉల్లంఘనలకి గరిష్ఠ జరిమానాని 25 వేల నుంచి లక్షకి పెంచారు. ఈ అంకె చెబితే మాత్రం నా బండిలో అందరూ వింటారు. ఎనిమిది మార్కులు. నీళ్లు నింపుకునే కుళాయిలు దారి పొడవునా పెడితే ఇంకొకటి కలుపుతాను.

ఇక నిప్పు. నాకు ఈ అడవిలో పులి కంటే ఎక్కువ భయం ఇదే. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల ఆకు రాల్చి ఎండిపోయి ఉంటుంది. కింద మోకాలెత్తు బోద గడ్డి, ఎండాకులు, వెదురు. వేసవిలో అడవికి వచ్చే అలర్ట్‌లలో ముఖ్యమైనవి నిప్పువే, వాటి సంగతి ప్యాసింజర్లకి తెలియదు.

దోమలపెంట దగ్గర చాయ్ తాగుతుంటే అటవీ శాఖలో పనిచేసే ఒకాయన ఫోన్ తీసి చూపించాడు. డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అని ఒక సంస్థ ఉంది. అది ఉపగ్రహాలు పంపే సమాచారం నుంచి ఎక్కడెక్కడ వేడి ఎక్కువగా ఉందో పట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. ఒక రకం పరికరం ఒక కిలోమీటరు గళ్లలో చూస్తుందట, ఇంకోటి 375 మీటర్ల గళ్లలో. మామూలు జనం కూడా ఆ వెబ్‌సైట్‌లో తమ ప్రాంతం పెట్టి పేరు నమోదు చేసుకుంటే ఈ మెసేజ్‌లు వస్తాయి. నేను చేసుకున్నాను. మా అబ్బాయి చేసి పెట్టాడనుకోండి. వేసవిలో టింగుమని మోగినప్పుడల్లా ఎక్కడో ఆకు కాలుతోందని తెలుస్తుంది.

కానీ ఉపగ్రహం ఆగి చూస్తూ కూర్చోదు. రోజుకి కొన్ని వేళల్లోనే మన నెత్తి మీదుగా పోతుంది. ఆ 375 మీటర్ల గళ్ల పరికరం ఉన్న ఒక ఉపగ్రహం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో ఇంకోసారి వస్తుందని ఆయన చెప్పాడు. మధ్యాహ్నం మూడింటికి మీరు కారు కిటికీలోంచి విసిరిన సిగరెట్ పీక దానికి కనిపించాలంటే, గాలి తోడుంటే, ఆ నిప్పు అప్పటికే ఎన్నో ఎకరాలు తిని ఉంటుంది. అందుకే వేసవి రాకముందే మనుషుల్ని పెట్టి ఫైర్ లైన్లు తీయిస్తారు. అంటే అడవి మధ్య బోద కోసి, ఆకు ఊడ్చి, నిప్పు దాటకుండా చేసే ఖాళీ పట్టీలు. అంటుకున్నాక ఆర్పేది కూడా మనుషులే. పచ్చికొమ్మలతో కొట్టి, బ్లోయర్లతో ఆకుని వెనక్కి ఊది. ఆ ఎండలో, ఆ సెగలో. ఫైరింజన్ అక్కడిదాకా పోదు, పోయినా అన్ని నీళ్లు ఎక్కడివి?

అన్ని నిప్పులూ టూరిస్టులవే అని నేను అనను. ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్టు కింద ఆకు కాల్చి నేల శుభ్రం చేసే అలవాటు చాలా అడవుల్లో ఉంది. తునికాకు కోసం కూడా నిప్పు పెడతారు, లేత చిగురు బాగా వస్తుందని. పశువులు కాసేవాళ్ల బీడీ ఉంటుంది. కానీ రోడ్డు పక్కన అంటుకున్న నిప్పుకి మాత్రం బండ్లవాళ్లమే ముందు జవాబు చెప్పాలి. నా బండిలో సిగరెట్ తాగాలంటే మన్ననూర్ ముందే తాగేయాలి, తర్వాత దోమలపెంటలో. మధ్యలో అడిగితే సోంపు డబ్బా చేతికిస్తాను. అడవిలో పొయ్యి పెట్టి వండుకోవాలని గ్యాస్ స్టవ్ తెచ్చుకున్న బ్యాచ్ ఒకటి ఉండేది, కుర్రాళ్లు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం అదే వన్యప్రాణి చట్టంలో 30వ సెక్షన్ కింద నేరం అని చెప్పి, స్టవ్ సీట్ కింద పెట్టించాను. మార్చిలో చికెన్ వండుకోవడానికి నల్లమలే దొరికిందా? కల్వకుర్తిలో తినేసి రండి.

నిప్పు అలర్ట్‌లకి తొమ్మిది.

ఇప్పుడు నాకు నచ్చిన భాగం. ఫర్హాబాద్ సఫారీ. నిజాం కాలంలో వేటకి వచ్చేవాళ్లట ఆ వైపు. ఇప్పుడు రిజర్వ్ వాళ్ల సొంత వాహనంలోనే లోపలికి తీసుకుపోతారు, చివర్లో లోయ కనిపించే వ్యూ పాయింట్ దాకా. నా బండి బయటే ఉంటుంది. అయినా సీటు ఖాళీ ఉన్నప్పుడు నేను కూడా ఎక్కేస్తాను, కారణం అక్కడ గైడ్లుగా ఉండే చెంచు కుర్రాళ్లు. ఈ అడవిలో పుట్టినవాళ్లు. ఒకే రూలు బోర్డు మీద చదివితే ఒకలా ఉంటుంది, వాళ్ల నోట వింటే ఇంకోలా.

"దిగకూడదు" అని బోర్డు మీద ఉంటుంది. మొన్న వేసవిలో మాతో వచ్చిన ఒకాయన, రిటైర్డ్ లెక్చరర్, దిగి ఒక్క ఫొటో తీసుకుంటానంటూ తలుపు మీద చెయ్యి వేశాడు. గైడ్ కుర్రాడు అడ్డు చెప్పలేదు. పక్కనున్న చెట్టు చూపించి, "అది ఇప్పచెట్టు సార్. రాత్రి పువ్వు రాలింది. ఎలుగు ఈ పొద్దు ఇంకా వచ్చినట్టు లేదు" అన్నాడు. లెక్చరర్ గారి చెయ్యి తలుపు మీదనుంచి ఒళ్లోకొచ్చింది. తర్వాత ఆ కుర్రాడు అడిగినవాటికి అడగనివాటికి కూడా చెప్పాడు. పులి మనిషిని ముందే పసిగట్టి తప్పుకుంటుందట. ఎలుగుకి చూపు మందం, పుట్టలో తల దూర్చి చెదల్ని పీల్చుకునేటప్పుడు చప్పుడు కూడా వినిపించదు. మనిషి దగ్గరికొచ్చేదాకా తెలియక, తెలిసేసరికి బెదిరి మీద పడుతుంది, మొహం మీదే కొడుతుంది. అందుకే చెంచువాళ్లు తేనెకో గడ్డలకో పోయేటప్పుడు మాట్లాడుకుంటూనో దగ్గుకుంటూనో పోతారట. బండిలో ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండమనేదీ వాళ్లే. "నడిచేటప్పుడు నీ సంగతి దానికి తెలియాలి, చూసేటప్పుడు తెలియకూడదు, అంతే కదన్నా" అన్నాడు నాతో. రెండు రూల్స్ ఒకదానికొకటి ఎదురుగా కనిపించినా రెండింటికీ కారణం ఒకటేనని నాకు అప్పుడే అర్థమైంది.

సెంటు కొట్టుకోవద్దు, ముదురు ఎరుపు చొక్కాలు వద్దు అని కూడా చెబుతుంటారు. చొక్కా రంగు విషయంలో నాకు పెద్ద నమ్మకం లేదు. జింకలకి ఎరుపు సరిగ్గా కనిపించదని ఎక్కడో చదివాను. సెంటు సంగతి మాత్రం సరే, మూసిన బండిలో ఏడుగురి సెంటు వాసన భరించేవాణ్ణి నేనే.

పులి కనిపిస్తుందా అని అడగకండి. ఇక్కడ మైదానాలు లేవు. వెదురు, కొండలు, దట్టమైన ఆకు. అది మనల్ని చూస్తుంది, మనం దాన్ని చూడం. దుప్పులు, అడవిపందులు, మనుబోతులు, అదృష్టం ఉంటే రేచుకుక్కల గుంపు కనిపిస్తాయి. పులి కోసం వచ్చి ఒక స్టార్ ఇచ్చి పోయేవాళ్ల రివ్యూలు చదివితే నవ్వొస్తుంది. జంతువులకి అపాయింట్‌మెంట్ లేదు కదా. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలంలో కోర్ ఏరియాలో, అంటే అడవి నడిమధ్య భాగంలో, సఫారీ ఉండదు. ఆ నెలల్లో ఫర్హాబాద్ అని చెప్పి అడ్వాన్స్ తీసుకునే ట్రావెల్స్‌వాళ్లు కొందరున్నారు. తీసుకుని చివర్లో వ్యూ పాయింట్ బోర్డు దగ్గర ఫొటో తీయించి పంపేస్తారు. వాళ్లకి ఇవ్వకండి. గైడ్లకి పదికి పదకొండు.

మల్లెలతీర్థం గురించి రెండు మాటలు. వటవర్లపల్లి దగ్గర రోడ్డు దిగి లోపలికి పోవాలి. కిందికి మూడు వందలకు పైగా మెట్లు. దిగేటప్పుడు అందరూ హుషారే, ఎక్కేటప్పుడు పెద్దవాళ్ల మోకాళ్లు తెలుస్తాయి. అక్కడ మడుగులోకి దూకొద్దని, తాగి దిగొద్దని చెప్పేది ఊరికే కాదు. రాళ్లు నాచు పట్టి ఉంటాయి, లోతు ఒక్క అడుగు తేడాలో మారిపోతుంది. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా పైన ఎక్కడో కురిసిన వాన వాగులో దిగుతుంది. నీళ్ల రంగు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఎవరూ చెప్పకముందే మెట్లెక్కేయండి. చైత్ర పౌర్ణమికి అడవి లోపల జరిగే సలేశ్వరం శివుడి జాతరకి పోయేవాళ్లు వేరే లెక్క వేసుకోవాలి. ఏడాదిలో ఆ కొద్ది రోజులే దారి తెరుస్తారు, కొండ కోతల్లో ఇరుకు దోవ, ఎక్కేవాళ్లు దిగేవాళ్లు ఒకే చోట. గుండె జబ్బున్నవాళ్లని నేను తీసుకుపోను, డబ్బులిస్తామన్నా.

నేను మార్కులు కోసేది ఎక్కడంటే, రూలు కంటే తప్పుడు కబురు ముందుగా జనానికి చేరే చోట. హైదరాబాద్‌లో బయలుదేరేవాడికి ఫోన్‌లో ముందు కనిపించేది ఏదో ఒక ట్రావెల్ బ్లాగు. వేళలు ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా. మన్ననూర్ దాకా వచ్చాక అసలు మాట తెలుస్తుంది, అప్పటికి వెనక్కి తిరగడానికి మనసొప్పదు. నా కోరిక చిన్నది. గేటు దగ్గర బండికి రుసుము తీసుకుని చీటీ ఇస్తారు కదా, ఆ చీటీ వెనక ఆ రోజు సంగతులు నాలుగు లైన్లు ఉండాలి. ఏ వైపు నిప్పు అంటుకుంది, మల్లెలతీర్థం తెరిచారా, వాగు ఎలా ఉంది, ఎక్కడ జంతువులు ఎక్కువ దాటుతున్నాయి. ఏడాదంతా ఒకేలా ఉండే బోర్డుని మనిషి రెండోసారి చదవడు. ఈరోజు తేదీ వేసిన కాగితం ఇస్తే చదువుతాడు, పక్కవాడికి కూడా చదివి వినిపిస్తాడు. అంతా కలిపితే ఐదుకి నాలుగు స్టార్లు.

కిరాయికి ఫోన్ చేసేవాళ్లు ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇవి కూడా రాసేస్తున్నాను. హైదరాబాద్ నుంచి శ్రీశైలం 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సాయంత్రం బయలుదేరాలంటే నాలుగు దాటకూడదు, శుక్రవారమైతే మూడు. ట్రాఫిక్ సంగతి మీకే తెలుసు. తెల్లవారుజామున అయితే మూడున్నరకి కదిలితే ఆరింటికి గేటు తీసే వేళకి మన్ననూర్‌లో ఉంటారు, పొద్దుటి అడవి చూడొచ్చు. డీజిలో పెట్రోలో కల్వకుర్తి దాటేలోపే నింపుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఇంట్లోవాళ్లకి ఫోన్ చేయాలంటే మన్ననూర్‌కి ముందే చేసేయండి. గేటు దగ్గరికి చిల్లర నోట్లు ఉంచుకోండి, సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే పనిచేయదు. వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి, దోమలపెంట తర్వాత డ్యామ్ దాకా దిగుడు మలుపులే. శివరాత్రికి, ఉగాదికి రాత్రి గేటు విషయంలో సడలింపు ఇచ్చారో లేదో బయలుదేరే రోజు ఉదయం కనుక్కోండి, నిరుటి మాట పట్టుకుని రాకండి. కోతుల కోసం అరటిపళ్లు కొనుక్కొచ్చేవాళ్లు వాటిని మీరే తినేయాలి. అద్దాలు నేను దించను.